రోడ్డును ఊరవతలికి పంపిన మా అత్త

మా మేనత్త పోయింది. మొన్న పొద్దున్నే హోటల్ పొయ్యి ముట్టించి, పాలు పెట్టి, అవి పొంగేలోపే పోయింది. పక్కింటి అక్క నాకు ఫోన్ చేసి ముందు పాల సంగతే చెప్పింది.

"పాలు మాడిన వాసన వస్తున్నదని పోయిన చెల్లె. పొయ్యి కాడ గోడకు ఒరిగి కూసున్నట్టే ఉన్నది. పాల గిన్నె దించి, అటెన్క పిలిస్తె పలుకలే."

గిన్నె దించి, తర్వాత మనిషిని పిలిచింది. ఆమెను నేను తప్పుపట్టను. అసలు ఆ గడప తొక్కిందే గొప్ప. ఊళ్లో మిగతావాళ్లు మా అత్త గడప తొక్కడం మానేసి చాలా కాలమైంది.

నేనుండేది మానుకోటలో, ఇక్కడి బడిలో పాఠాలు చెప్పుకుంటూ. వెంటనే భూపాలపల్లికి ఫోన్ చేశాను. అత్త ఒక్కగానొక్క కొడుకు, మా బావ, అక్కడ బొగ్గు లారీ నడుపుతాడు. "బావా, అత్త పోయింది" అన్నాను. అవతల ఇంజను చప్పుడు వినిపిస్తోంది.

"లోడు మీదున్న. దించి వస్త" అన్నాడు.

ఎప్పుడు పోయింది, ఎట్లా పోయింది అని అడగలేదు. ఆ తల్లీకొడుకుల మధ్య మాటలు ఆగిపోయి ఏళ్లు గడిచాయి. ఆగడానికి కారణం ఆస్తి కాదు, కోడలు కాదు, ఒక రోడ్డు. ఆ రోడ్డు కూడా ఇప్పుడు లేదు. ఉంది గానీ, లేనట్టే. అందుకే మా అత్త గురించి నాలుగు మాటలు రాయాలని కూర్చుంటే రోడ్డు గురించి రాయక తప్పడం లేదు.

హైదరాబాదు నుంచి వరంగల్ వైపు పాత రోడ్డు మీద తిరిగినవాళ్లు ఇది చదివేవారిలో ఉంటే, మా అత్త చేతి చాయ్ తాగే ఉంటారు. జనగామ దాటాక, చిల్పూరు గుట్టకు తిరిగే దారి ఇంకా రాకముందే, ఎడమ చేతి పక్కన రేకుల కప్పు, ముందు వరసగా నులక మంచాలు, మంచాల మీద గురకపెట్టే డ్రైవర్లు. లోపల పొయ్యి దగ్గర ఎవరినో ఒకరిని తిడుతూ ఒక నల్లటి పొడుగాటి మనిషి. ఆమే.

ఆ రోడ్డు పుట్టుపూర్వోత్తరాలు అత్త చెప్పగా విన్నవే. నిజాం జమానాలో అది మొరం రోడ్డు. అత్త మామగారు దాని మీద కంకర కొట్టిన కూలీ. రెండు పక్కలా చింతమొక్కలు నాటిస్తే వాటికి కావడితో నీళ్లు మోసింది కూడా ఆయనే. ఎడ్లబండ్లు పోయేవి. ఎప్పుడో ఒక మోటారు పోతే ఊరంతా దాని వెనక ఉరికేది. తర్వాత తారు పడింది. తారు మీద బస్సు వచ్చింది, బస్సు వెనక లారీ వచ్చింది. భూపాలపల్లిలో బొగ్గు బావులు తెరిచాక ఇక లారీల వరస తెగితే ఒట్టు. మానుకోట మిర్చి, వరంగల్ పత్తి, ఎక్కడివో గ్రానైటు బండలు, అన్నీ మా అత్త గుమ్మం ముందు నుంచే పోవాలి. రెండేళ్లకోసారి మేడారం జాతర వచ్చిందంటే ఊళ్లోవాళ్లు ఈ పక్క నుంచి ఆ పక్కకు దాటలేక ఇంట్లోనే కూర్చునేవారు. ప్రభుత్వం ఆ రోడ్డుకు ఒక నంబరు ఇచ్చింది, కొన్నాళ్లకు అది తీసేసి మరో నంబరు ఇచ్చింది. ఏ నంబరైనా అత్తకు అది సడకే.

అత్త మొగుణ్ని, మా మామను పొట్టన పెట్టుకున్నదీ ఆ సడకే. రోడ్డవతల ఉన్న తమ మెట్ట చెలక నుంచి గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని దాటుతుంటే లారీ కొట్టింది. ఆగలేదు. బావ అప్పటికి చంకలో పిల్లవాడు. మామను ఆ చెలకలోనే మట్టి చేశారు. కొన్నాళ్లకు అత్త, ఆయన పడిపోయిన చోటికి ఎదురుగా, రోడ్డంచున మూడు రాళ్లు పెట్టి చాయ్ పొయ్యి వెలిగించింది. బతుకుతెరువు కోసమని అందరూ అనుకున్నారు. నిజానికి ఆ డ్రైవరు ఎప్పటికైనా చాయ్‌కి ఆగుతాడని, ఆగితే కాగే చాయ్ వాడి ముఖాన పోయాలని పెట్టిందట.

"మరి దొరికిండా అత్తా?" అని చిన్నప్పుడు అడిగాను.

"దొరికినా ఎట్ల గుర్తువడుత బిడ్డా? అందరు ఆకలిగొనే వస్తరు. ఆకలిగొన్నోల్ల మొఖాలు ఒక్కతీర్గనే ఉంటయి."

అయినా రోజూ మొదటి గ్లాసు చాయ్ ఎవరికీ ఇచ్చేది కాదు. తీసుకెళ్లి రోడ్డంచున, మామ పడిన చోట పోసేది. ఆ తర్వాతే బేరం. తొందరలో ఉన్న డ్రైవరు ఎవడైనా ఆ మొదటి గ్లాసుకు చెయ్యి చాపాడో, వాడికి ఆ రోజు చాయ్ లేనట్టే.

మా అత్త మెత్తటి మనిషి అని రాస్తే ఆమే లేచి వచ్చి తిడుతుంది. ఎండాకాలం సెలవుల్లో పోతే నాతో గ్లాసులు కడిగించేది, పంచదార డబ్బా జోలికి పోతే చెవి మెలిపెట్టేది. తాగి బండి ఎక్కబోయిన డ్రైవర్ల చేతిలోంచి తాళంచెవి గుంజుకుని బొడ్లో దోపుకునేది. "పండుకో. లేసినంక ఇస్త. నీ పెండ్లానికి జవాబు చెప్పుకుంట నేను కూసోను" అనేది. ఆరడుగుల సర్దార్జీలు కూడా నోరెత్తకుండా మంచం ఎక్కేవారు. ఆమె నోటికి ఊరు భయపడేది. భయపడుతూనే ఏదైనా కష్టమొస్తే ఆ నోటినే ముందు పెట్టేది.

అట్లాంటి కష్టమే ఒకటి వచ్చింది. రోడ్డును నాలుగు వరసలు చేస్తామని కొలతల వాళ్లు వచ్చి, ఊరి పొడవునా గోడల మీద ఎర్రగీతలు గీసిపోయారు. గీతకు ఇవతలిదంతా పోతుంది. కిరాణా సేటు దుకాణం సగం, ఎరువుల దుకాణం మొత్తం, గుడి ప్రహరీ, ఇరవై ముప్ఫై ఇళ్ల ముందుగదులు. అత్త హోటల్లో గీత పొయ్యి వెనక గోడ మీద పడింది. అంటే హోటలంతా రోడ్డు కిందికే.

ఊరంతా ఆమె హోటల్లోనే కూడింది. సర్పంచి, సేటు, రైతులు, పెద్దలంతా ఉన్నారు. ఇళ్లు పోనిచ్చేది లేదు, రోడ్డును ఊరవతలికి మళ్లించమని కొట్లాడదాం అన్నారు. ఎవరు మాట్లాడాలి అనేసరికి అందరి చూపూ పొయ్యి వైపు తిరిగింది. అప్పుడు హోటల్ పక్కనే టైర్ల దుకాణం నడుపుకుంటున్న మా బావ లేచాడు. అతను మామూలుగా నలుగురిలో నోరు విప్పే మనిషి కాదు.

"అవ్వా, గోడ పోతె మల్ల కట్టుకుంటం. జర ఎన్కకు జరుగుదం. సడకే పోతె మనం యాడికి పోతం? ఊరే ఉండది. జర సమజ్ చేసుకోండ్రి" అన్నాడు.

అత్త పొయ్యి దగ్గర నుంచి వచ్చి, అంతమంది ముందు కొడుకు చెంప పగలగొట్టింది. "నీ నాయిన్ను తిన్న సడక్ నీకు ముద్దొస్తున్నాదిరా? ఊరోల్ల ఇండ్లు కూల్తుంటె నీ టైర్లే నీకెక్కువనా?" అంది. ఒకరిద్దరు కిసుక్కున నవ్వారు. బావకు అప్పటికే ఇద్దరు పిల్లలు. చెంప పట్టుకుని కూడా నిలబడలేదు, అట్లాగే బయటికి నడిచాడు. ఆ రోజు అతను అన్న మాటలో తప్పేమిటో ఇప్పటికీ ఒక్కరూ చెప్పలేరు.

ఇక రాస్తారోకో సంగతి ఆ ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు, కాకపోతే అప్పుడు పొగిడినట్టు కాదు. అత్త తన పొయ్యిని, గిన్నెలను తీసుకెళ్లి నడిరోడ్డు మీద పెట్టింది. రెండు వైపులా లారీలు ఆగిపోయాయి. ఆగినవాళ్లందరికీ అక్కడే చాయ్ కాచి పోసింది. డ్రైవర్లు నవ్వుకుంటూ తాగారు, కొందరు ఆమె పక్కన కూర్చుని నినాదాలు కూడా ఇచ్చారు. మధ్యాహ్నానికి ఒక పెద్ద ఆఫీసరు గొడుగు పట్టించుకుని వచ్చాడు.

"ఊరు కూలగొట్టెటందుకు వచ్చినవా సారూ? గా చెలకలల్లకెల్లి తీస్కపోరాదు? అటు మా చెలక సుత ఉన్నది. తీస్కపో, నేనేమనను" అంది అత్త.

ఆఫీసరు ఆమెకు చేతులెత్తి దండం పెట్టాడు. ఇళ్లు కూల్చడం కంటే చెలకలు తీసుకోవడం వాళ్లకు ఎంత తేలికో, ఆ దండంలో ఎంత సంతోషం ఉందో మాలో ఎవరికీ తట్టలేదు. కొన్ని నెలలకు కబురు వచ్చింది. రోడ్డు ఊళ్లోంచి పోవడం లేదు. ఊరు దాటి, దక్షిణాన చెలకల మీదుగా పోతుంది. సర్పంచి అత్తకు శాలువా కప్పాడు, సేటు దండ వేశాడు. డప్పులతో ఊరంతా తిప్పారు. నేను మానుకోట నుంచి పనిగట్టుకుని పోయి ఆ ఊరేగింపు చూశాను.

ఆ సాయంత్రం నేనే అడిగాను, రోడ్డు అటు పోతే హోటలెట్లా అని.

"లారీలోల్లు నన్ను ఇడిసిపెట్టి పోతరా? నా చాయ్ తాగకుంటె ఆల్లకు తలకాయ నొస్తది. బండి మల్పుకొని ఇటే వస్తరు. సూస్తుండు" అంది.

ఆమెకు మొండితనం ఉండేదని నాకు తెలుసు. ఈ మాట మాత్రం మొండితనంతో అన్నది కాదు, నమ్మి అన్నది. అన్నేళ్లు ఆమె అన్నం పెట్టిన మనుషులు, కడుపునొప్పి వస్తే వాము నీళ్లు తాగించిన మనుషులు. ఊరు కూడా అదే నమ్మింది. రోడ్డు జరుగుతుంది గానీ, దాని మీద పోయేవాళ్లు మనవాళ్లే కదా అనుకున్నారు. సడకు పక్కన పుట్టి పెరిగిన మనుషులు మాత్రమే చేయగల తప్పు అది. సడకు తమ ఊరి కోసమే అక్కడ ఉందని వాళ్లనుకున్నారు.

కొత్త రోడ్డు తెరిచిన రోజు అత్త ఎప్పటికంటే ఎక్కువ పాలు పోయించుకుంది. డ్రైవర్లు దారి వెతుక్కుంటూ వచ్చేసరికి ఆలస్యమవుతుంది, అంతా ఒక్కసారే వస్తారని లెక్క వేసుకుంది. ఉదయం దాటింది, మధ్యాహ్నం దాటింది. రోడ్డు మీద కుక్కలు పడుకున్నాయి. ఆ ఊళ్లో కుక్క నడిరోడ్డు మీద పడుకోవడం అదే మొదలు. సాయంత్రానికి పాలు విరిగిపోతాయని ఊళ్లోవాళ్లను పిలిచి ఊరికే చాయ్ పోసింది. అందరూ వచ్చి తాగారు. అప్పటికింకా వాళ్లకూ భయం పుట్టలేదు.

భయం తర్వాత మెల్లగా వచ్చింది. వారం తిరిగినా, నెల తిరిగినా ఒక్క లారీ ఇటు మళ్లలేదు. ఎరువుల దుకాణం మూతపడింది. సేటు మరికొన్నాళ్లు ఈగలు తోలుకుని, చివరికి సామాను ఆటోలో వేసుకుని జనగామకు పోయాడు. బస్సులు కూడా కొత్త రోడ్డెక్కాయి. ఒకరోజు ట్రాక్టరు తెచ్చి, ఊరి ముందున్న రోడ్డు నంబరు బోర్డును కూడా పీక్కుపోయారు. మనిషి పోతే పంచాయతీలో పేరు కొట్టేస్తారు, రోడ్డు పోతే బోర్డు పీకేస్తారని ఆ రోజు తెలిసింది.

అంతటికీ ఒకే ఒక్క డ్రైవరు వచ్చాడు, భూపాలపల్లి వైపు ముసలాయన. లారీ వేసుకుని రాలేదు. ఎవరిదో బైకు మీద వచ్చాడు. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. అత్త ముఖం చేటంత అయింది.

"బండేది? ఎక్కడ వెట్టినవ్?" అని రోడ్డు వైపు చూసింది.

"బండి తోని ఎట్ల వస్త అవ్వా? రోడ్డు దిగెటందుకు సందు లేదు, ఇటు అటు రెయిలింగు. దిగినా బండి సేటు ఊకోడు. ఫోన్ల సూస్తుంటడు. బండి యాడ ఆగింది, ఎంతసేపు ఆగింది, అన్ని కనవడ్తయి. ఇటు మల్పితె నా నౌకరి పోతది" అన్నాడు.

"అట్లనా" అంది అత్త. చాయ్ పోసి ఇచ్చింది. అతను తాగి పోయాక ఖాళీ గ్లాసును చాలాసేపు కడిగింది. తర్వాత డ్రైవర్లు వస్తారన్న మాట ఆమె నోట మళ్లీ రాలేదు. పొయ్యి వెలిగించడం మాత్రం మానలేదు.

ఊరికి ఎవరినో ఒకరిని అనాలి కదా. గోడల మీద ఎర్రగీతలు గీసినవాళ్లు దొరకరు, గొడుగు కింది ఆఫీసరు దొరకడు. చేతికి అందేది అత్తే. "చెలక మీదికెల్లి రోడ్డు తీస్కపో అన్నది ఎవలు? ఆమెనే. పరిహారం కోసం ఊరును ముంచింది" అని మొదలుపెట్టారు. శాలువా కప్పిన సర్పంచే ముందు అన్నాడు. నిజానికి ఆ రోడ్డు ఆమె చెలకను మధ్యకు కోసి, మామ సమాధిని అవతలి పక్కకు తోసేసింది. ఆమెకు దక్కింది అదీ. ఊళ్లో ఎవరూ అది లెక్కలోకి తీసుకోలేదు.

మాటలతో ఆగినా బాగుండేది. వడ్ల కాలం రాగానే, లారీలు లేని రోడ్డు కదా అని, ఊరంతా పాత హైవే మీద వడ్లు ఆరబోయడం మొదలుపెట్టింది. ఊరంత పొడవున్న రోడ్డులో ఎవరికీ జాగా దొరకనట్టు అత్త గడప దాకా పోసి, చుట్టూ రాళ్లు పేర్చారు. ఎవరైనా చాయ్‌కి రావాలన్నా వడ్లు తొక్కాలి. పొద్దున్నే మొదటి గ్లాసు చాయ్ పొయ్యడానికి ఆమె వెళ్తే ఒక రైతు అడ్డం వచ్చాడు.

"వడ్లు తడుస్తయి. సడక్ సచ్చిపాయె, ఇంక దానికి చాయెందుకే అవ్వా?" అన్నాడు నవ్వుతూ.

"నేను సచ్చినోల్లకే పోస్తున్న" అంది అత్త. అతన్ని పక్కకు జరిపి, కిందికి వంగి, వడ్లు కాలితో కాదు చేతితో కొంచెం తొలగించి, ఆ ఖాళీ చోట పోసింది. ఆమె ఎదురు తిట్టకుండా ఊరుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. అది చూశాక నాకు ఆ ఊరి మీద ఉన్న కోపం ఇంతవరకూ పోలేదు, పోతుందని కూడా అనుకోను.

టైర్ల దుకాణం మూతపడగానే బావ పెళ్లాం పిల్లలను తీసుకుని భూపాలపల్లి పోయాడు. పోయేరోజు తల్లికి చెప్పి పోలేదు. టైర్లు బాగుచేసిన చేతులతోనే లారీ స్టీరింగ్ పట్టాడు. బొగ్గు లోడుతో హైదరాబాదు వైపు పోవాలంటే కొత్త రోడ్డు మీద, తన ఊరి చెలకల మధ్య నుంచే పోవాలి. ఇది అత్తకు ఎట్లా తెలిసిందో గానీ, అప్పటి నుంచి పొద్దుపొద్దున చెలక దాకా నడిచి, ఆ ఇనుప రెయిలింగు దగ్గర నిలబడేది.

ఒకసారి నన్నూ తీసుకుపోయింది. లారీలు ఒకదాని వెనక ఒకటి మా ముఖాల మీద దుమ్ము కొట్టి పోతున్నాయి. "గిది గాదు, గిది గాదు" అంటూ నిలబడింది. తర్వాత ఒక లారీ దూరంగా ఉండగానే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. లోపల బావే. తల తిప్పలేదు. వేగం తగ్గించలేదు. లారీ పోయాక అత్త నా వైపు తిరిగింది.

"సూసిండు. ఇటు సూసిండు, నువ్వు సూళ్లే" అంది.

నేను చూశాను. అతను చూడలేదు.

తిరిగి వస్తూ అడిగాను, నువ్వే ఒక ఫోన్ చేయరాదా అని. "కొట్టింది నేను. కొట్టిన చెయ్యి ముందుగాల ఎట్ల సాపుత బిడ్డా? వాడు మాట్లాడితె నేను మాట్లాడుత" అంది. భూపాలపల్లి పోయి బావనూ అడిగాను. "నువ్వు చెప్పిందే నిజంరా అని ఒక్క మాట అనుమను. గంతె. అప్పుడు నేనే వస్త" అన్నాడు. ఆ ఒక్క మాట నేనే ఇటు నుంచి అటు మోసుకుపోయి చెప్పాలని కూడా చూశాను. "ఆమె నోటితోని ఇనాలె" అన్నాడు. ఇద్దరిదీ ఒకటే రక్తం, ఎవరూ వంగలేదు. కొత్త రోడ్డు తెరిచాక వచ్చిన మొదటి మేడారం జాతరకు అత్త ఖాళీ నులక మంచం మీద కూర్చుని, చెలకల అవతల బస్సుల వరస కదులుతుంటే రోజంతా చూసింది. ఆ బస్సుల్లో ఒక్కరైనా తన పేరు తలుచుకుంటారా అని నన్ను అడిగింది. తలుచుకుంటారత్తా అన్నాను. నాకు అబద్ధాలు చెప్పడం రాదని ఆమెకు తెలుసు.

చావు కబురు తెలిసిన రోజు రైల్లో పోయి, స్టేషను నుంచి ఆటో మాట్లాడాను. "పాత రోడ్డుకా? తిరిగి వచ్చేటప్పుడు ఒక్కలు ఎక్కరు మేడం" అన్నాడు ఆటో అతను. వెళ్లేసరికి అత్తను హోటల్ ముందు మంచం మీద పడుకోబెట్టారు. ఊరు వచ్చింది. నిజమే, అందరూ వచ్చారు. రాకపోతే పక్క ఊరివాళ్లు ఏమంటారోనని వచ్చారు. వడ్లు కూడా పక్కకు ఎత్తారు. సర్పంచి అదే పనిగా కళ్లు తుడుచుకుంటూ తిరిగాడు. బావ మధ్యాహ్నానికి వచ్చాడు, ఒళ్లంతా బొగ్గు మసితో. స్నానం చేసి వచ్చి, తల్లి కాళ్ల దగ్గర నిలబడ్డాడు. ముఖం వైపు పోలేదు.

మామ పక్కన మట్టి చేయాలని ఆమె కోరిక. మామ సమాధి కొత్త రోడ్డుకు అవతల. కింది నుంచి దాటే దారి పక్క ఊరి దగ్గర ఉంది. అక్కడి దాకా తిరిగి పోవాలంటే చాలా దూరం, అంత దూరం ఎవరు మోస్తారని పెద్దలు గుసగుసలాడారు. చివరికి రెయిలింగు మీదుగా దాటించడానికే నిశ్చయించారు.

డప్పుల వాళ్లు రెయిలింగు దగ్గరికి రాగానే కొట్టడం ఆపేశారు, లారీల చప్పుడులో డప్పు ఎవరికీ వినబడక. ఆడవాళ్లం ఇవతలే నిలబడిపోయాం. బావ ముందు, మిగతావాళ్లు వెనక, పాడెను రెయిలింగు మీదికి ఎత్తి, అటు దించి, మళ్లీ భుజాలకెత్తుకున్నారు. సందు దొరికేదాకా అట్లాగే నిలబడ్డారు. లారీలు ఆగవు కదా. కొంచెం సందు దొరకగానే పరుగులాంటి నడకతో సగం రోడ్డు దాటి, నడిమి గట్టు మీదికి చేరారు. అవతలి సగం మీద ఇంకా వరస తెగలేదు.

ఆ ఊళ్లో శవాన్ని దించే దింపుడుకల్లం జాగా ఒకటి ఉండేది, చెలకల మధ్య ఒక చదును. పాడెను అక్కడ దించి, కొడుకు తల్లి చెవి దగ్గర వంగి మూడుసార్లు పిలవాలి. ప్రాణం ఇంకా ఉంటే పలుకుతుందని. ఆ చదును కొత్త రోడ్డు కిందికే పోయింది. "గిదే జాగ. గీడనే దించుండ్రి" అన్నాడు ఊరి పెద్ద ఒకాయన. గట్టు మీద పెంచిన గన్నేరు మొక్కల మధ్య అత్తను దించారు.

బావ ఆమె తల దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. రెండు వైపులా లారీలు పోతున్నాయి.

"పిలువురా. పిలువక తప్పది" అన్నాడు పెద్దాయన.

బావ ఆమె చెవి దగ్గర వంగి ఏదో అన్నాడు. మాకు వినబడలేదు. పక్కనున్న వాళ్లకూ వినబడినట్టు లేదు. "ఇనవళ్లే, గట్టిగ పిలువు" అన్నాడు పెద్దాయన.

"అవ్వా" అన్నాడు బావ.

ఈసారి రోడ్డు ఇవతల ఉన్న మాకూ వినబడింది. రెండోసారి ఇంకా గట్టిగా పిలిచాడు. మూడోసారి అరిచాడు. మూడు అయిపోయాయి, ఇక ఎత్తాలి. అవతలి వైపు సందు దొరకలేదు. పాడె మోసేవాళ్లు రోడ్డు వైపే చూస్తూ నిలబడ్డారు. బావ పిలవడం ఆపలేదు. "అవ్వా, అవ్వా" అని పిలుస్తూనే ఉన్నాడు. "చాలు బిడ్డా, మూడే" అని పెద్దాయన భుజం పట్టుకున్నా వినలేదు. లారీ పోయినప్పుడల్లా ఆ గాలికి అత్త ముఖం మీది బట్ట లేస్తోంది. లేచినప్పుడల్లా బావ రెండు చేతులతో దాన్ని మళ్లీ కప్పి, గట్టిగా అదిమి పట్టుకుని, వంగి, ఆ బట్ట మీద నుంచే పిలుస్తున్నాడు.